ఎడమ రెక్క అంచున

ఆ వానాకాలమంతా నా కూతురు ఒక్క చెవితోనే విన్నది.

చేపల పరిశోధన కోసం సముద్రం అడుగుకు దిగినప్పుడు ఎడమ చెవిలో కర్ణభేరి చిరిగిందట. మానేదాకా నీళ్ళలో దిగొద్దన్నారు. తల తిరుగుతుంది కాబట్టి ఒంటరిగా ఉండొద్దన్నారు. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో తనతో గది పంచుకునే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇక మిగిలింది కె.ఆర్.పురంలో నా ఇల్లు. నేను రమ్మనలేదు. తను వస్తానని అడగలేదు. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటోలోంచి సంచులు దించుకుంటోంది.

"ఎన్నాళ్ళుంటావు?" అన్నాను.

అటు తిరిగి ఉంది. వినబడలేదు. రెండోసారి అడగలేదు నేను.

నా పేరు దానియేలు. మా ఊరి మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఇక్కడికొచ్చి రైలింజన్ల షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. నా భార్య సుశీల నర్సు. పాత మద్రాసు రోడ్డు మీద ఒక చిన్న నర్సింగ్ హోములో కట్లు కట్టే గది ఆమెది. అంతకుముందటి ఏడాది వానల్లో జ్వరం వచ్చి పోయింది. అప్పుడు మా జాయ్ మాల్దీవుల్లో ఏదో పడవ మీద ఉంది. ఫోను అందలేదు. అందాక విమానం దొరకలేదు. తను వచ్చేసరికి సమాధి మీద పూలు కుళ్ళి ఉన్నాయి.

"ఒక్క పూట ఆగలేకపోయారా నాన్నా?" అంది అప్పుడు.

"నువ్వొచ్చేది ఏ పూటో ఎవరికి తెలుసు?" అన్నాను.

ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. పండగకు మెసేజి పెట్టేది. నేను చూసి ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం. పొద్దున్నే తను చెవిలో దూది పెట్టుకుని, తిండి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చునేది. నేను కావాలని ఎడమవైపు కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ పక్కన మాట్లాడాల్సిన పనిలేదు.

ఇంటి ఓనరు సొన్నమ్మ పైన ఉంటుంది. వాళ్ళు తరాల నుంచి బెంగళూరు వాళ్ళే. తెలుగూ కన్నడమూ ఒకే కుండలో వండుతుంది. ఒకరోజు గిన్నెలో ఉలవచారు తీసుకుని దిగివచ్చింది.

"ఏం దానియేలప్పా, పాప వచ్చి ఇన్ని దినాలయ్యె, కింద నుంచి ఒక్క మాట కూడా పైకి రాదే. గోడలు రెండు కాపురం చేసినట్టుండాది."

"దానికి చెవి వినపడదు."

"నీకు బాగా వినపడ్తాది కదా. నీ నోటికేమయింది?"

నేను గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాను. సొన్నమ్మ అంత తేలిగ్గా వెళ్ళే మనిషి కాదు. జాయ్ కుడిపక్కకు వెళ్ళి తెర మీదికి వంగింది.

"ఇదేంది పాపా, దుప్పటి ఆరేసినట్టుండాది?"

"చేప, అవ్వా. మాంటా రే అంటారు."

"చేపా! తలా తోకా యాడుండాదో తెలీదే."

ఆ జాతి నాకు కొత్త కాదు. మా వైపు సంతలో టేకు చేపని ముక్కలు కోసి అమ్ముతారు. పులుసు పెట్టుకుంటాం. ఇది దానికి పెద్దన్న. రెక్కలు చాస్తే మా వసారా అంత వెడల్పు ఉంటుందట.

"దాని కడుపు ఫొటో తీసినారు ఎందుకు?" అంది సొన్నమ్మ.

"కడుపు మీద మచ్చలు చూడండి. మన వేలిముద్రల్లాగా. ఒకదాని మచ్చలు ఇంకోదానికుండవు. మా టీమ్ వాళ్ళు అక్కడ సముద్రంలో కింద నుంచి ఫొటో తీసి పంపిస్తారు. నేను పాత ఫొటోలతో పోల్చి ఇది ఎవరో చెప్పాలి."

"ఆధార్ కార్డని చెప్పు."

జాయ్ నవ్వింది. ఇంటికొచ్చాక అదే మొదలు.

"ఆ రాయి దగ్గరే నిలబడుండాది ఎందుకు?"

"రాయి కాదవ్వా, పగడపు దిబ్బ. దాని మీద చిన్న చేపలుంటాయి. ఈ పెద్దవి వచ్చి పైన కదలకుండా ఆగుతాయి. చిన్నవి వచ్చి ఒంటి మీది పురుగుల్ని తినేస్తాయి, పుండ్లు శుభ్రం చేస్తాయి. నోట్లోకి కూడా వెళ్తాయి. ఇది మింగదు. ఒకటి అయ్యేదాకా మిగతావి వెనకాల తిరుగుతూ ఉంటాయి. క్లీనింగ్ స్టేషన్ అంటాం."

"సెలూన్ షాపు అను."

"సెలూన్ కాదు. అమ్మ డ్రెస్సింగ్ రూమ్."

ఆ మాట నా వైపు చూసి అనలేదు. నేను లేచి చెప్పులు వేసుకుని స్టేషను దాకా నడిచి వచ్చాను. వాన పడుతోంది. గొడుగు మర్చిపోయాను.

సుశీల గదిలో ఒక బల్ల, ఒక స్టూలు, ఒక లైటు ఉండేవి. మేస్త్రీలు, ఆటోవాళ్ళు, కాలు కుళ్ళిన షుగరు ముసలివాళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండేవాళ్ళు. డ్యూటీ అయ్యాక ఆమెను తీసుకురావడానికి వెళ్ళి నేనూ ఆ బెంచీ మీదే కూర్చునేవాణ్ణి. లోపల ఎంత పెద్దవాడైనా కిక్కురుమనేవాడు కాదు. "కదిలితే నీకే నష్టం అయ్యా" అనేది, అంతే. ఆ గదిని తీసుకెళ్ళి చేపలతో కలుపుతుందా అనిపించింది. అంతకన్నా ఎక్కువ కోపం, ఆ పోలిక నాకు తట్టనందుకు.

పేరు సంగతి జూలైలో తెలిసింది.

జాయ్ స్నానానికి వెళ్ళింది. తెర ఆరిపోలేదు. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదువుతాను. ఒక చేప కడుపు ఫొటో. నల్లటి మచ్చలు. ఎడమ రెక్క అంచున షార్కు కొరికినట్టు అర్ధచంద్రాకారంలో ఊడిపోయిన చోటు. కింద పేరు. రెండుసార్లు కూడబలుక్కున్నాను. సుశీల.

తను తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. కుడిపక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"ఇదేంటి?"

తెర చూసి, నా మొహం చూసింది.

"కొత్తది నాన్నా. ఇదివరకు ఎవరూ రికార్డు చెయ్యలేదు. పాత ఫొటోలన్నిటితో పోల్చాను, దేనితోనూ కలవలేదు. కొత్తదాన్ని ఎవరు గుర్తిస్తే వాళ్ళే పేరు పెట్టాలి. మా పద్ధతి."

"మిగతావాటి పేర్లేంటి?"

"రకరకాలు. ఒకదానికి ఇడ్లీ అని పెట్టారు, మచ్చ గుండ్రంగా ఉందని."

"ఇడ్లీ పక్కన నా భార్య పేరా?"

"మా అమ్మ పేరు" అంది.

"అమ్మ పోయినరోజు నీకు ఈ చేపలే ఎక్కువయ్యాయి. ఇప్పుడు ఆ చేపకే అమ్మ పేరు పెట్టి ఆ తప్పు కడుక్కుందామనుకుంటున్నావు."

జాయ్ తువ్వాలు విప్పి కుర్చీ మీద ఆరేసింది. పేరు మాత్రం తియ్యలేదు.

తర్వాత జరిగింది నేను కోరుకున్నది కాదు. ఎడమ కుర్చీలోంచి కూడా తెర కనబడుతుంది. కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చుంటాను? టీమ్ వాళ్ళున్న ద్వీపం నుంచి వీడియోలు వచ్చినప్పుడల్లా ఏది ఇడ్లీయో, ఏది సుశీలో నాకు తెలియడం మొదలైంది. ఊడిన రెక్క అంచు చూస్తే చాలు.

ఒకసారి వచ్చిన వీడియోలో ఆ చేప తల పక్కన తాడు చుట్టుకుని ఉంది. చేపలుపట్టేవాళ్ళ గాలపు తాడు. చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగింది. ఈదుతుంటే కండ తెల్లగా తెరుచుకుంటోంది.

"తాడు ఎవరూ తియ్యరా?" అన్నాను.

జాయ్ తల తిప్పలేదు. ఎడమ పక్కన ఉన్నానని గుర్తొచ్చి, లేచి అటు వెళ్ళి మళ్ళీ అడిగాను.

"దగ్గరికి పోతే బెదురుతుంది. అది ఆగి ఉన్నప్పుడే కొయ్యాలి నాన్నా. మా వాళ్ళు చూస్తున్నారు."

"దిబ్బ దగ్గర ఆగుతుందిగా."

"ఆగితే కోస్తారు."

ఆగింది. కోశారు. అది తర్వాతి వీడియోలో చూశాం. ఒకడు మెల్లగా కిందనుంచి వచ్చి కత్తెర పెట్టాడు. చేప కదలలేదు. తాడు ఊడి పడిపోయింది. నీలి చారల చిన్న చేపలు గాయం మీద మూగాయి. నేను కుర్చీని కుడిపక్కకు మార్చుకున్నది ఆ రోజే.

అప్పటినుంచి టీ నేను పెట్టేవాణ్ణి. వచ్చిందా అని అడిగేవాణ్ణి. ఎవరు అని తను ఎప్పుడూ అడగలేదు. గాయం ఎర్రబడింది. పుండు ఎర్రగా ఉంటే భయం లేదని సుశీల అనేది. ఆ మాట నేనన్నాను. "అవును, అమ్మ అనేది" అంది జాయ్. ఇద్దరం ఒకే మనిషి గురించి మాట్లాడుకుని ఏడాది కావస్తోంది.

మెట్ల మీంచి సొన్నమ్మ చూసింది.

"ఏమప్పా, మీ ఆవిడ చేప బాగుండాదా?"

"బాగుంది" అన్నాను. కోపం రాలేదు.

ఆగస్టులో సుశీల పోయి ఏడాదైందని జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. చర్చి నుంచి కుర్చీలు తెచ్చి సందులో వేశారు. పైన టార్పాలిన్ కట్టారు. దాని మీద వాన మోగుతూనే ఉంది. పాస్టరు స్టీఫెన్‌గారు ప్రార్థన అయ్యాక కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పాలన్నారు. అందరూ జాయ్ వైపు చూశారు. తను చూపు దించుకుంది. నేను లేచాను.

నాకు మాట్లాడడం రాదు. సమాధి దగ్గర కూడా నోరు విప్పలేదు. ఆ రోజు మాత్రం చెప్పాను. సుశీల చేతికింద పడుకున్నవాడు ఎవడూ అరవలేదన్నాను. సముద్రంలో అలాంటి చోటు ఒకటుందని, అక్కడికి గాయపడిన చేపలు వస్తాయని, ఇదివరకు ఏ మనిషీ ఎరగని చేపకు సుశీల పేరు పెట్టారని చెప్పాను. "దాన్ని గుర్తుపట్టింది నా కూతురు" అన్నాను.

ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. సొన్నమ్మ, తనది వేరే దేవుడైనా, అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది. జాయ్ తల ఎత్తలేదు. ఏడుస్తోందనుకున్నాను.

అన్నాలయ్యాక పాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. "దానియేలుగారూ, ఇది మన సంఘం పత్రికలో రావాలి. అమ్మాయిని ఆ ఫొటో పంపమనండి. మీ సాక్ష్యం పక్కన వేద్దాం."

జనం వెళ్ళాక జాయ్ గిన్నెలు తోముతోంది. నేను తుడిచి బోర్లిస్తున్నాను. ఫొటో సంగతి చెప్పాను.

"పాస్టర్ అంకుల్‌కి ఫొటో వద్దు నాన్నా."

"ఎందుకు?"

కుళాయి కట్టేసింది.

"అది కొత్తది కాదు. మాకు ముందు అక్కడ పనిచేసినవాళ్ళ ఫొటోలున్నాయి. ఫిల్ము కాలంవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఒక ఫిల్ముని తిరగేసి పెట్టారు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోయాయి. మచ్చలు తిరగబడ్డాయి. రెక్క ఊడిన చోటు కుడివైపు కనబడింది. అందుకే కలవలేదు."

"తిరగేశారని నీకెట్లా తెలిసింది?"

"ఫొటోలో వెనకాల ఒక డైవరున్నాడు. గాలి ఎంతుందో చూపించే మీటరు మాకు ఎప్పుడూ ఎడమవైపు వేలాడుతుంది. అతనికి కుడివైపుంది. అనుమానమొచ్చి ఫొటో తిప్పి చూశాను. మచ్చ మచ్చా కలిసింది." తోమిన గిన్నె నా చేతికిచ్చింది. "దానికి ఎప్పుడో పేరు పెట్టారు. పెబుల్ అని. పాత పేరే ఉంచాలి."

"అంటే?"

"గులకరాయి."

తుడుస్తున్న గిన్నె కింద పెట్టాను.

"ఎప్పుడు తెలిసింది?"

"తాడు కోసిన వారంలో."

అంటే నేను కుర్చీ మార్చుకున్నప్పుడు తనకు తెలుసు. టీ పెట్టినప్పుడు తెలుసు. ఇందాక సందులో నేను లేచి నిలబడ్డప్పుడూ తెలుసు.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు నాతో మాట్లాడుతున్నారు కాబట్టి" అంది.

వాన టార్పాలిన్ మీద పడుతూనే ఉంది. ఇంకా విప్పలేదు.

"మావాళ్ళకి కూడా చెప్పలేదు. సీజన్ అయ్యేదాకా ఉండనిద్దామనుకున్నా. నవంబర్లో రిపోర్టు వెళ్ళేముందు ఎలాగూ సరిచేస్తాను. ఎవరికీ నష్టం లేదు నాన్నా."

"సంఘం ముందు నాతో అబద్ధం చెప్పించావు."

"మీరు లేస్తారనుకోలేదు. మీకు తెలియకుండా చెప్పింది అబద్ధం కాదు."

"ఇప్పుడు తెలిసింది. తీసెయ్."

"రేపు చేస్తాను."

"ఇప్పుడే."

జాయ్ చేతులు తుడుచుకుంది. బల్ల దగ్గరికి వెళ్ళి తెర తెరిచింది. నేను కుడిపక్కనే నిలబడ్డాను. పేరు మీద గీత పడింది. కంప్యూటరు ఏదో ప్రశ్న అడిగింది. తను నా వైపు చూసింది. నేను తల ఊపాను. నొక్కింది. ఆ చోట వేరే పేరు వచ్చింది. నేను దాన్ని కూడబలుక్కోలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన చివర ప్రకటనలప్పుడు లేచాను. పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచాను.

"అవసరమా దానియేలుగారూ? ఎవరడిగారు?" అన్నారాయన మెల్లగా.

"అవసరమే."

కూడికలో నేను చెప్పింది నిజం కాదని చెప్పాను. ఆ చేపకు నా భార్య పేరు లేదు. అది కొత్తదీ కాదు. లెక్క తప్పింది. అంతే చెప్పి కూర్చున్నాను. వెనక ఎవరో కుర్రాడు నవ్వాడు. ఎవరో ష్ అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి జాయ్ లేచి బయటికి వెళ్ళిపోయింది.

చెప్పులు విడిచే రేకుల షెడ్డు కింద నిలబడి ఉంది. చెవిలో దూది తడిసింది.

"అమ్మని రెండోసారి కూడా మీరే తొందరపడి పూడ్చేశారు" అంది.

"ఉన్నదే చెప్పాను."

"ఒక్క సీజన్ ఆగలేకపోయారా నాన్నా?"

అలా అడిగి, మొహం పక్కకు తిప్పి, వినబడే చెవిని నా వైపు పెట్టి నిలుచుంది. జవాబు వినాలని. షెడ్డు మీద వాన పెద్దగా పడుతోంది. లోపల చివరి కీర్తన మొదలుపెట్టారు. నేను చెప్పులు వేసుకున్నాను.

ఆ వారంలోనే వెళ్ళిపోయింది. చందాపురలో స్నేహితురాలుందట. వెళ్ళేటప్పుడు తల తిరుగుడు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆటో పక్కన నిలబడి గోడకు చెయ్యి ఆనించుకుంది. సొన్నమ్మ సంచులు ఎక్కించింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఊరికే సుమ్నే నిలబడుండావే, ఒక్క మాట చెప్పి పంపప్పా!" అంది సొన్నమ్మ.

"జాగ్రత్త" అన్నాను. ఆటో స్టార్టయింది. తనకు ఎడమవైపు నేనున్నాను.

శీతాకాలానికి చెవి మానింది, మళ్ళీ సముద్రంలోకి దిగిందని పాస్టరుగారి ద్వారా తెలిసింది. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. సుశీల బతికుంటే నా పక్కనే నిలబడేది. కట్టు కట్టేముందు కుళ్ళిందంతా గీకెయ్యాలి అనేది ఆమె. రోగి అరుస్తాడని కుళ్ళు మీద కట్టు కట్టేది కాదు. అయితే గీకాక మందు కూడా రాసేది. అది ఆమె పని. నాకు రాదు.

ఇప్పుడు మళ్ళీ వానలు. మొన్న ఫోనుకు ఒక వీడియో వచ్చింది. జాయ్ నంబరు నుంచి. కింద మాట లేదు, పేరు లేదు. పగడపు దిబ్బ. దాని మీద ఆ చేప. ఎడమ రెక్క అంచున ఊడిన చోటు అలాగే ఉంది. తల పక్కన తాడు కోసిన గాయం మాని, గీతగా మిగిలింది. అవి ఏటేటా ఆ చోటికే తిరిగి వస్తాయని జాయ్ చెప్పింది. నా ఇంటికి తను రాలేదు.

వసారాలో కూర్చుని చూస్తుంటే సొన్నమ్మ దిగి వచ్చింది.

"పాప పంపినాదా?"

"ఊఁ."

"నువ్వేం రాసినావు?"

"ఏమీ రాయలేదు."

"నీకేం చెప్పేదప్పా" అని పక్కన చేరి ఫోనులోకి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఇదేంది, కదలదే? ఫోను కెట్టుపోయిందా?"

"ఫోను బాగానే ఉంది. అది కాచుకుని ఉంది."

"ఎవరి కోసరం?"

"చిన్న చేపలు రావాలి. ఇంకా రాలేదు."

"అంత పెద్దది, ఆ చిన్నవాటి కోసరం అట్లనే కాచుకోనుంటాదా?"

"ఉంటుంది" అన్నాను.

వీడియో అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాను.